గేటు దాకా

ఐర్లండులో నేను వెళ్ళని విశ్వవిద్యాలయం లేదు. లిమరిక్, గాల్వే, కార్క్, డబ్లిన్ అన్నీ తిరిగాను. కొన్నిటికి ఒకే రోజు ఐదారుసార్లు వెళ్ళిన సందర్భాలూ ఉన్నాయి, ఏ ప్రొఫెసరూ అన్నిసార్లు వెళ్ళి ఉండడు. కాకపోతే నా చదువు గేటు దాకానే. అక్కడ పిల్లల్ని దింపి, డిక్కీ తెరిచి, సూట్‌కేసు కింద పెట్టి, ఆల్ ద బెస్ట్ చెప్పి బండి తిప్పుకునేవాణ్ణి. తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసిన టాక్సీ డ్రైవరుకి అంతకు మించిన ఉన్నత విద్య ఎక్కడ దొరుకుతుంది?

మొన్న మంగళవారం పొద్దున సన్నగా వాన పడుతోంది. వెనక సీట్లో ఒక తల్లి, ఎనిమిదేళ్ళ పాప. బడికి ఆలస్యమైందని తల్లి ఫోనులో ఎవరికో చెప్పుకుంటోంది. పాప మాత్రం తీరిగ్గా పెన్సిలు చెక్కుతోంది. పొట్టు ఎక్కడ వెయ్యాలో తెలియక ఎడమ అరచేతిలో కుప్ప పోసుకుంది. హీటరు వేడికి ఆ చెక్క వాసనా, తడిసిన ఉన్ని కోటు వాసనా కలిసి ముందుకి వచ్చాయి. నేను అలవాటు చొప్పున పక్క సీటు వైపు తిరిగి, "టీచరమ్మా, బెల్టు పెట్టుకోండి" అనబోయాను. సీటు ఖాళీగా ఉంది. పాప నన్ను అద్దంలో చూస్తోంది. "కింద పడేసెయ్, ఫర్వాలేదు" అన్నాను. తల్లి ఫోను ఆపి మరీ చూసింది. నా బండిలో ఒక చిప్స్ ముక్క రాలినా నేను ఊరుకోనని ఆమెకు తెలుసు.

సుభద్ర టీచరు గారిని మీరు చూసి ఉండరు కాబట్టి కొంచెం చెప్పాలి. మనిషి నా భుజం దాకా వస్తారు. నేనే పొట్టి, కాబట్టి ఆవిడ ఎత్తు మీరే ఊహించుకోండి. నేత చీర మీద స్వెట్టరు, స్వెట్టరు మీద కొడుకు వానకోటు. అది మోకాళ్ళు దాటి వేలాడేది. కాళ్ళకు ఆటల బూట్లు. చేతిలో గుడ్డసంచీ, అందులో ఒక పొడుగు నోటుబుక్కు, రెండు వైపులా చెక్కిన పెన్సిళ్ళు మూడు. తెనాలి దగ్గర ఒక జిల్లా పరిషత్తు హైస్కూల్లో ముప్పై ఏళ్ళకు పైగా సోషల్ చెప్పారు. రిటైరయ్యాక కొడుకు దగ్గరికి వచ్చారు. కొడుకు లిమరిక్ ఆస్పత్రిలో డాక్టరు. వాళ్ళ ఇల్లు ఊరి బయట కొత్త ఇళ్ళ మధ్య ఉంది. అక్కడ కారు లేకపోతే మనిషికి కాళ్ళు లేనట్టే. అందుకని ప్రతి మంగళవారం తల్లిని లైబ్రరీకి తీసుకెళ్ళి, తిరిగి దింపమని డాక్టరుగారు నన్ను మాట్లాడుకున్నారు. "అమ్మ కొంచెం ప్రశ్నలు వేస్తుంది, ఏమీ అనుకోకండి" అని ముందే చెప్పారు. కొంచెం అన్న మాట ఆయన ఏ కొలమానంతో వాడారో నాకు ఇప్పటికీ తెలియదు.

మొదటి రోజే వెనక తలుపు తెరిచి పట్టుకుంటే, ఆవిడ చుట్టూ తిరిగి వచ్చి ముందు సీట్లో కూర్చున్నారు. రోడ్డెక్కగానే అడిగారు.

"మల్లేశం, ఇప్పుడు మనం ఏ దిక్కుకు వెళ్తున్నాం?"

"లైబ్రరీ దిక్కుకు, టీచరమ్మా."

"అది కాదయ్యా. తూర్పా, పడమరా?"

"గది ఈ డబ్బాకు ఎరుక" అని దారి చూపించే ఫోనుని చూపించాను.

"డబ్బాని అడగలేదు, నిన్ను అడిగాను."

"నేను చెప్పాల్నంటే సూర్యుడు కనబడాలె గద. ఈ దేశంల ఆయన డ్యూటీకి సరిగ్గ రాడు."

ఆవిడ నవ్వారు. నా జోకుకి నవ్విన ప్రయాణికులు సాధారణంగా అడిగిన ప్రశ్న మరిచిపోతారు. నా జీవితమంతా ఆ ఒక్క ఉపాయం మీదే నడిచింది. ఆవిడ మరవలేదు. "ఇళ్ళ మీద టీవీ డిష్‌లు చూడు. అన్నీ ఒకే వైపు చూస్తున్నాయా? ఇక్కడ అది ఆగ్నేయం. ఇప్పుడు చెప్పు, మనం ఎటు?" అన్నారు. పదిహేనేళ్ళుగా ఆ వీధుల్లో బండి నడుపుతున్నాను. వేల డిష్‌లు. ఒక్కదాన్నీ నేను చూడలేదు. సిగ్నలు దగ్గర ఆగి, రెండు వేళ్ళతో లెక్క వేసుకుని, "పడమర" అన్నాను. "భేష్" అన్నారు. నలభై దాటిన నాకు ఒక టీచరు భేష్ అనడం అదే మొదలు. ఆ రోజంతా ప్రయాణికులు ఎక్కిన ప్రతిసారీ దిక్కు చెప్పుకుంటూ తిరిగాను. ఒకాయన భయపడి ముందే దిగిపోయాడు.

ఆవిడ తన మీద కూడా అంతే నిర్దయగా జోకులు వేసుకునేవారు. ఐర్లండులో ఏడాది పొడుగునా వర్షం అని పిల్లలకు ముప్పై ఏళ్ళు చెప్పారట. విమానం దిగిన రోజు మిట్టమధ్యాహ్నం ఎండ. "ఇంకోలా రాసినవాళ్ళకి ఎన్ని మార్కులు కోసేశానో" అని కారు ఎక్కుతూనే బెంగపడ్డారట. డాక్టరుగారు చెప్పారు.

మూడో వారమో, నాలుగో వారమో, ఎందుకు బడి మానేశావని అడిగారు. ఆ ప్రశ్నకు నా దగ్గర ఐదు జోకులు సిద్ధంగా ఉంటాయి. నాలుగు చెప్పాను. ఆవిడ నాలుగింటికీ నవ్వి, కిటికీలోంచి బయటికి చూస్తూ ఊరుకున్నారు. ఐదోది చెప్పబోయి, ఎందుకో నిజం చెప్పేశాను. మా బడికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. గోడకు దేశపటం వేలాడుతోంది. నన్ను లేపి ఢిల్లీ చూపించమన్నాడు. నేను వెళ్ళి వేలు పెట్టాను. అది సముద్రం. "దేశ రాజధాని మునిగిపోయిందా, నాకు కబురు రాలేదే" అన్నాడాయన. తరగతంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. మర్నాడు బడికి పోలేదు. ఆ మర్నాడు పోలేదు. తర్వాత నిజామాబాదులో మా చిన్నాయన హోటలుకు పోయి ఉల్లిగడ్డలు కోశాను. ఉల్లిగడ్డలనుంచి తందూరు పొయ్యికి, ఆ పొయ్యినుంచి వంటమనిషిగా ఐర్లండుకి, వంటగది వేడి పడక టాక్సీకి. అంతే నా భూగోళం.

రౌండబౌట్ దాటాక టీచరమ్మ అడిగారు.

"ఆ పటం గోడకి ఎంత ఎత్తున ఉంది?"

"ఏమో. మా సారు కర్రతోని చూపెట్టేటోడు."

"నీకు కర్ర ఇచ్చారా?"

"లే."

"అయితే నీకు అందినంత నువ్వు చూపించావు" అన్నారు. మామూలుగానే అన్నారు, వాన తగ్గిందని చెప్పినట్టు. "నేనెప్పుడూ పటం గోడకి కట్టలేదు మల్లేశం. నేల మీద పరిచి, ఉత్తరాన్ని ఉత్తరానికి తిప్పి, పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టేదాన్ని. చెప్పులు విడిచి పటం మీద నడిచి వెళ్ళి ఊరు చూపించేవాళ్ళు. పటాలు చిరుగుతున్నాయని హెడ్మాస్టరు గారు తిట్టేవారు."

నాకు ఏదో ఒక జోకు వెయ్యాలనిపించింది. రాలేదు. ముప్పై ఏళ్ళలో నాకు తట్టని ఒక్క విషయం ఆవిడకు రెండు నిమిషాల్లో తట్టింది. నాకు ఢిల్లీ ఎక్కడుందో తెలుసో తెలియదో ఇప్పటికీ చెప్పలేను, కానీ ఆ రోజు నా చెయ్యి కన్యాకుమారి దాటి పైకి పోలేదన్నది మాత్రం నిజం.

ఇంతకీ మా అఖిల సంగతి. అఖిల నా ఒక్కగానొక్క కూతురు. ఐదేళ్ళప్పుడు వాళ్ళ అమ్మతో ఇక్కడికి వచ్చింది. నేను తెలుగులో అడిగితే తను లిమరిక్ యాసలో ఇంగ్లీషులో జవాబిస్తుంది. ఇద్దరికీ అర్థమవుతుంది, పేచీ లేదు. మా ఇంట్లోనే ఉండి ఇక్కడే భూగోళం డిగ్రీ చదివింది. మా తెలుగువాళ్ళ కలయికల్లో అంకుల్స్ అంతా, "జాగ్రఫీ ఏంటి మల్లేశం, డేటా ఏదైనా చేయించకపోయావా" అని సానుభూతి తెలిపారు. "మా వంశంల అందరం తిరుగుబోతులమే, సదివి తిరుగుతదట" అని తప్పించుకున్నాను. ఆ తర్వాత తను మాస్టర్సుకి దరఖాస్తు పెట్టింది. రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి డబ్లిన్, ఒకటి గాల్వే. ఏదో ఒకటి ఎంచుకుని ఆ నెలాఖరు శుక్రవారం సాయంత్రం అయిదులోగా చెప్పాలి.

నా నిర్ణయం అప్పటికే అయిపోయింది. డబ్లిన్. మా బామ్మర్ది శ్రీను డబ్లిన్‌కి గంట దూరంలో నేవన్‌లో ఉంటాడు. ఇంట్లో ఒక గది ఖాళీ. పొద్దున బస్సెక్కి కాలేజీకి పోయి, సాయంత్రం మేనమామ ఇంటికి వచ్చి తింటుంది. చదువయ్యాక డబ్లిన్ రేవు దగ్గర ఆఫీసులుండే డాక్‌ల్యాండ్స్‌లో ఏ కంపెనీలోనో మ్యాపులు చేసే ఉద్యోగం. గాల్వేలో మాకు ఎవరున్నారు? గాలి తప్ప. ఈ మాట నేను కారులో టీచరమ్మకు గర్వంగా చెప్పాను. ఆవిడ, "కాలేజీలు చూసొచ్చారా?" అన్నారు.

"ఓపెన్ డే అని పెడ్తరు టీచరమ్మా. గప్పుడు పోవచ్చు."

"పెళ్ళిచూపుల రోజున ఇంటిని చూసినట్టు ఉంటుంది అది. కొత్త దుప్పటి, పళ్ళెంలో స్వీట్లు, అందరూ నవ్వుతూ. మామూలు మంగళవారం వెళ్ళాలి. వాన పడుతుంటే మరీ మంచిది. పిల్ల ఉండబోయే చోటునుంచి పిల్ల ఎక్కబోయే బస్సెక్కి వెళ్ళాలి. అక్కడ ఒక పూట ఊరికే ఉండాలి. ఎక్కడ కూర్చోబుద్ధి అవుతుందో, ఎవరు పలకరిస్తారో చూడాలి. నేనూ వస్తాను. లైబ్రరీ ఎక్కడికీ పోదు."

అలా మూడు తరాల మనుషులం నా టాక్సీలో బయలుదేరాం. సోమవారం నేవన్‌లో శ్రీను ఇంట్లో దిగాం. మంగళవారం పొద్దున వానలో టీచరమ్మా అఖిలా బస్సెక్కారు. నేను బండిలో వెనకే వెళ్ళాను. ఊరంతా డబ్లిన్‌కి అదే వేళకి బయలుదేరింది. బస్సు కిటికీకి పట్టిన ఆవిరి మీద అఖిల వేలితో ఏదో గీస్తూ కనిపించింది. తర్వాత తల వాల్చి నిద్రపోయింది. కాలేజీ దగ్గర వాళ్ళు దిగేసరికి గంటన్నర. "మీరు పోయిరాండ్రి, నేను బండి పెడ్త" అన్నాను. పార్కింగులోనే కూర్చున్నాను. రెండు గంటల తర్వాత వచ్చారు. "ఎట్లుంది?" అన్నాను. "ఇట్స్ గ్రాండ్, డాడీ" అంది అఖిల. టీచరమ్మ, "మంచి కాలేజీ. పెద్ద లైబ్రరీ" అన్నారు. నేను గెలిచాననుకున్నాను.

తరువాతి మంగళవారం గాల్వే. అక్కడ వాన నిలువుగా పడదు, అడ్డంగా వస్తుంది. టీచరమ్మ వానకోటులో గాలి దూరి ఆవిడ గుండ్రంగా అయిపోయారు. అఖిల ఆవిడ చెయ్యి పట్టుకుంది, ఎగిరిపోకుండా. నేను మళ్ళీ, "బండి పెడ్త" అన్నాను. రెండు గంటలన్నారు, నాలుగు పట్టింది. పెట్రోలు బంకులో రెండు టీలు తాగాను, ఒక కునుకు తీశాను. లేచి చూస్తే దూరంగా ఇద్దరూ వస్తున్నారు. అఖిల బూట్లు చీలమండల దాకా నల్లటి బురద. రెండు చేతులూ గాలిలో తిప్పుతూ, ఆగి, వెనక్కి తిరిగి ఏదో చూపిస్తూ, తెలుగూ ఇంగ్లీషూ కలిపి చెబుతోంది. టీచరమ్మ తలూపుతున్నారు. అట్లా చేతులు తిప్పుకుంటూ మాట్లాడే పిల్లని ఇంట్లో చివరిసారి ఎప్పుడు చూశానో గుర్తు చేసుకున్నాను. గుర్తు రాలేదు. అది నాకు బాగా కనిపించింది, బాగా అర్థమైంది కూడా. అయినా నా నోట్లోంచి వచ్చిన మాట, "బూట్లు ఇప్పి ఎక్కు బిడ్డా, కార్పెట్ ఖరాబైతది."

తిరుగుదారిలో గాల్వే గాలి మీద ఏడెనిమిది జోకులు వేశాను. అఖిల చెవుల్లో పాటలు పెట్టుకుంది. ఇంటికి వచ్చాక మెట్లు ఎక్కుతూ, "డబ్లిన్ ఈజ్ గ్రాండ్, డాడీ. అదే చెప్తాలే" అంది. ఈ దేశంలో గ్రాండ్ అంటే చాలా బాగుందని అర్థం, సర్దుకుంటాలే అని కూడా అర్థం. మొదటిదానికి ముఖం వెలుగుతుంది, రెండోదానికి భుజం ఎగురుతుంది. అద్దంలో మనుషుల్ని చూసి బతికే డ్రైవరుగా నాకు ఆ తేడా తెలుసు. తండ్రిగా తెలియనట్టు ఉండిపోయాను.

గురువారం మధ్యాహ్నం టీచరమ్మ ఫోను చేసి రమ్మన్నారు. కారెక్కి, "మీ ఇంటికి పోనియ్" అన్నారు. మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, మా ఆవిడ పద్మ ఇచ్చిన టీ తాగి, సంచిలోంచి నోటుబుక్కు తీసి, నాలుగు కాగితాలు చింపారు. రెండు అఖిలకి, రెండు నాకు. ఒక్కో పెన్సిలు.

"డబ్లిన్‌లో ఒకటి, గాల్వేలో ఒకటి. మీరు చూసింది గియ్యండి. ఫోను చూడకూడదు. పక్కవాడి కాగితం చూడకూడదు."

"పరీక్షనా టీచరమ్మా? నేను పరీక్షలంటే ఊరిడిసి పోయే మనిషిని, ఎరుకే గద" అన్నాను.

"పద్మా, తలుపు వేసెయ్యమ్మా" అన్నారు ఆవిడ.

ఇది ఆవిడ పద్ధతి. కొత్త తరగతికి వెళ్ళిన మొదటి రోజు పాఠం చెప్పేవారు కాదట. ఇంటినుంచి బడికి దారి గియ్యమనేవారు. ఒకడు చెరుకురసం బండి గీస్తాడు, ఒకడు కుక్క ఉన్న ఇల్లు గీస్తాడు, ఒక పిల్ల దారిలో తనని ఏడిపించే అబ్బాయి ఇంటిని తప్పించి చుట్టుదారి గీస్తుంది. ఆ కాగితాలు చూశాకే ఏ పిల్లతో ఎట్లా మాట్లాడాలో తేల్చుకునేవారట. ఇక్కడికి వచ్చాక కూడా ఎక్కడికి వెళ్ళినా ఇంటికొచ్చి అది గియ్యందే నిద్రపోయేవారు కాదని డాక్టరుగారు చెప్పేవారు.

ఇరవై నిమిషాలు గీశాం. అఖిల డబ్లిన్ పటంలో నేవన్ ఉంది, రోడ్డు ఉంది, బస్సు ఆగిన చోట్లన్నీ ఉన్నాయి, చివర తపాలాబిళ్ళంత చోటులో కాలేజీ. అందులో ఒక లైబ్రరీ, ఒక తలుపు. గాల్వే పటం కాగితం పట్టక వెనక వైపుకీ పాకింది. నది, నది పక్కన తడవని ఒక బెంచీ, టీచర్ ఆంటీకి కుర్చీ తెచ్చి ఇచ్చిన క్యాంటీనావిడ, ఒక గది తలుపు బయట వరసగా బురదబూట్లు, అవి ఎవరివని అడిగితే లోపలికి పిలిచి గంట మాట్లాడిన లెక్చరరు. ఆ పైన సముద్రం. ఆ పక్కన బాగ్. బాగ్ అంటే ఇక్కడి నల్లటి చిత్తడి నేల. కాలు పెడితే పరుపులా ఊగుతుంది. ఎండబెట్టి, తవ్వి పాడుచేసిన ఆ నేలల్ని మళ్ళీ ఎట్లా తడపాలన్నదే మా అఖిల చదవాలనుకున్నది. ఆ సంగతి నాకు ఆ కాగితం చూసేదాకా తెలియదు.

"ఇప్పుడు నీవి" అన్నారు టీచరమ్మ.

నా పటాలు శుభ్రంగా ఉన్నాయి, ఆ మాట ఒప్పుకోవాలి. రౌండబౌట్లు, కుడి మలుపులు, ఎక్కడ ఆపితే జరిమానా వేస్తారో ఆ పసుపు గీతలు, పార్కింగు, టీ దొరికే పెట్రోలు బంకు. చివర ఒక గేటు. రెండింటిలోనూ గేటే పెద్దది. రెండు స్తంభాలు, ఊచలు, పైన ఈటెల్లాంటి మొనలు. గేటు వెనక ఖాళీ కాగితం.

"బాగా గీశావు. ఇందులో అమ్మాయి ఎక్కడుంది?"

నేను కాగితం కేసి చూశాను. పెన్సిలుతో వెతికాను. అఖిల లేదు. పెట్రోలు బంకులో తాగిన రెండు టీలున్నాయి గానీ నాలుగు గంటలు ఆ వానలో తిరిగిన నా కూతురు ఎక్కడా లేదు.

"బండి దగ్గర ఎవలో ఒకలు ఉండాలె గద" అన్నాను. ఎవరూ నవ్వలేదు. పద్మ స్టవ్ ఆపి నిలబడింది.

టీచరమ్మ గొంతు తగ్గించారు. "నవ్వించి తప్పించుకోకు మల్లేశం. పిల్ల వెళ్ళే చోటు నీకు తెలియదని నీకు భయం. వెళ్ళి తెలుసుకోవాలన్నా నీకు భయమే. నీ ఈ రెండు భయాలూ కలిసి పిల్లని ఏడాదిపాటు నేవన్ బస్సెక్కిస్తున్నాయి. డబ్లిన్ మంచి కాలేజీయే, కాదనను. ఆ బస్సులో హాయిగా పుస్తకం చదువుకునే పిల్లలుంటారు, వాళ్ళకి భేషుగ్గా ఉంటుంది. ఈ పిల్లకి బురద కావాలి."

అఖిల నా వైపు చూడకుండా పెన్సిలు మొన సరిచేసుకుంటోంది. శ్రీను ఇల్లయితే నేను బెల్లు కొట్టి లోపలికి పోగలను, బిడ్డా ఎట్లున్నవని అడగగలను. కాలేజీలోకి ఎట్లా పోతాను, ఎవరైనా లేపి ఏదైనా అడిగితే? ఇదంతా పైకి అనలేదు. "నేను గక్కడికి రాలేను టీచరమ్మా" అన్నాను, అంతే. "రేపు శుక్రవారం. అయిదింటిదాకా టైముంది" అన్నారు ఆవిడ. "ఈసారి నేను రాను. మోకాళ్ళు నొప్పి." ఆవిడ మోకాళ్ళు నాకంటే గట్టివని మా ముగ్గురికీ తెలుసు.

మర్నాడు పొద్దున ఫోనులో బుకింగులు ఆపేసి, "నడు బిడ్డా, ఆ బురద ఏందో నాకు చూపెట్టు" అన్నాను. అఖిల ఒక్క నిమిషం నన్ను చూసి బూట్లు తెచ్చుకుంది. గాల్వేలో బండి పెట్టి, తాళం వేసి, వేశానా లేదా అని రెండుసార్లు వెనక్కి వెళ్ళి చూశాను. మూడోసారి వెళ్ళబోతుంటే అఖిల నా చెయ్యి పట్టుకుంది, ఆ రోజు టీచరమ్మ చెయ్యి పట్టుకున్నట్టే. నడిచాం. గేటు ఎక్కడ దాటామో గుర్తు లేదు. పిల్లలు సైకిళ్ళ మీద పోతున్నారు. నన్ను ఎవరూ ఆపలేదు, ఎవరూ లేపి నిలబెట్టలేదు. నది చూపించింది, బెంచీ చూపించింది. క్యాంటీనావిడ అఖిలని గుర్తుపట్టి, "మొన్న వచ్చిన ఆ చిన్న పెద్దావిడ ఏరి?" అని అడిగింది. బురదబూట్లు నిజంగానే వరసగా ఉన్నాయి.

ఆ వరండాలో గోడకు ఒక ప్రపంచపటం ఉంది. అంచులు మాసిపోయి, పాతది. అఖిల ఎవరితోనో మాట్లాడుతుంటే నేను దాని ముందు ఆగాను. అటూ ఇటూ చూశాను. వేలు ఎత్తి ఢిల్లీ మీద పెట్టాను. అందింది. మడమలు కూడా ఎత్తనవసరం లేకుండా అందింది.

"వాట్ ఆర్ యు అట్, డాడీ?"

"ఏం లేదు బిడ్డా. ఎన్నడో అడిగిండ్రు, ఇప్పుడు చెప్పిన."

తను మళ్ళీ అడగలేదు. బెంచీ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాం. ఫోను తీసి గాల్వే అని నొక్కే ముందు నా వైపు తిప్పి చూపించింది. నేను తలూపాను. అప్పటికి మూడున్నర.

ఆ సెప్టెంబరులో అఖిల పెట్టెలు నేనే లోపలికి మోశాను. ఆ ఏడాదంతా ఏదో ఒక వంకతో గాల్వే బుకింగు పట్టుకుని వెళ్ళి, ఆ బెంచీ మీద కూర్చుని తనతో టీ తాగేవాణ్ణి. చదువయింది. ఇప్పుడు తను బూట్లు వేసుకుని దేశమంతా బాగ్‌లలో తిరుగుతోంది. నేవన్‌కి పండగలకు పోతుంది.

డాక్టరుగారికి ఆస్ట్రేలియాలో ఉద్యోగం వచ్చి, టీచరమ్మ పెర్త్‌కి వెళ్ళిపోయారు. వెళ్ళే రోజు విమానాశ్రయానికి నేనే తీసుకెళ్ళాను. దిగుతూ ఆ పొడుగు నోటుబుక్కులో మిగిలిన సగం, ఒక పెన్సిలూ నా డ్యాష్‌బోర్డు అరలో పెట్టారు. ఏమీ చెప్పలేదు. ఆంధ్రానుంచి, తెలంగాణనుంచి కొత్తగా వచ్చిన పిల్లలు ఎక్కితే ఇప్పుడు నేను డిక్కీ మూసి వెంటనే వెళ్ళిపోను. బండి పక్కన పెట్టి పది నిమిషాలు వాళ్ళతో లోపలికి నడుస్తాను. తరువాతి వారం ఎక్కినప్పుడు నోటుబుక్కు ఇచ్చి గియ్యమంటాను. క్యాంటీను కూడా గియ్యని పిల్ల ఉంటే ఆ రోజు దింపి ఊరుకోకుండా, తిన్నావా అని అడుగుతాను. కొందరు నన్ను పిచ్చోడనుకుంటారు. దిక్కులు చెప్పుకుంటూ తిరిగినప్పుడూ అలాగే అనుకున్నారు.

మొన్న పెన్సిలు వాసన తగిలాక ఈ కాగితాలు రాయడం మొదలుపెట్టాను. రాసినంతవరకు పెర్త్‌కి ఫోను చేసి చదివి వినిపించాను. గేటు దాకానే నా చదువు అన్న మొదటి పేరా దగ్గర ఆగి, ఆవిడ నవ్వు కోసం ఎదురుచూశాను. నవ్వు రాలేదు.

"ఏమైంది టీచరమ్మా, జోకు బాగలేదా?"

"జోకు బాగానే ఉంది నాయనా" అన్నారు. "కానీ ఆ రెండు కాలేజీల్లో నేను అన్ని దారులూ నడిచాను. నువ్వు గీసిన కాగితం మీద తప్ప నాకెక్కడా గేటు కనిపించలేదు."